సేద్యమునకు సూర్యుని సాయము: సౌర పంపులకు ప్రభుత్వ ధనసహాయము

వ్యవసాయమునకు నీరెంత ముఖ్యమో, ఆ నీటిని పైకి తెచ్చు శక్తియు నంత ముఖ్యము. పూర్వము మన రైతులు ఏతము త్రొక్కియు, కపిల తోలియు, గూడ వేసియు నీరు తోడుకొనుచుండిరి. అప్పుడా శక్తి మనుష్యుని కాళ్లలోను, ఎద్దుల మెడలలోను ఉండెడిది. పిదప డీజిలు ఇంజనులును, కరెంటు మోటార్లును వచ్చినవి. బావులు బోరులైనవి, బోరులు లోతైనవి. ఇంజనునకు నూనె కొనవలెను. మోటారునకు తీగ రావలెను. తీగ వచ్చినను అందు కరెంటుండవలెను. రాత్రివేళ కరెంటు వచ్చు చోట్ల రైతు నిద్ర మాని, చీకటిలో, పాములకును తేళ్లకును వెఱచుచు, తడికాళ్లతో మోటారు పెట్టెయొద్దకు పోవలసివచ్చినది. ఆ పనిలో ప్రాణములు గోల్పోయినవారును గలరు.

సూర్యరశ్మితో పంపులను నడపు పద్ధతి ఈ కష్టములలో గొన్నింటిని తొలగింపగలదు. కాని యందులకు వలయు పలకల వెల సామాన్య రైతు ఒక్కమాఱుగా పెట్టుకొనగలిగినది కాదు. కావున ఆ వెలలో కొంత భాగమును ప్రభుత్వములు భరించు ఏర్పాటు కలిగినది. మా చదువరులలో ననేకులు రైతుబిడ్డలు. వారి తలిదండ్రులలో గొందఱు ఈ సహాయమును గూర్చి వినియుందురు, కొందఱు దరఖాస్తు చేయవలెనా వలదా యని యాలోచించుచుందురు. ఆ సహాయమెట్టిది, అది యెవరికి తగును, ఎవరికి తగదు, ఏయే జాగ్రత్తలు వలయునను సంగతులను ఈ వ్యాసమున వివరింప నుద్దేశించితిమి.

పలక పనిచేయు విధము

వెలుతురు తగిలినప్పుడు కొన్ని పదార్థములలో విద్యుత్తు పుట్టునను సత్యమును 1839లో ఫ్రాన్సు దేశీయుడైన ఎడ్మండు బెకెరెల్ కనుగొనెను. ఆ సత్యము నూఱేండ్లకు పైగా విద్యుత్తు సరఫరాకు అంతగా ఉపయోగపడలేదు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సిలికానుతో చేసిన సౌరఘటము పనికివచ్చునంత విద్యుత్తు నిచ్చెను. అదియు తనపై బడిన వెలుతురులో నూటికి 6 పాళ్లను మాత్రమే విద్యుత్తుగా మార్చినది. నేటి పలకలు నూటికి సుమారు 20 పాళ్లు మార్చుచున్నవి.

సిలికానన్నది ఇసుకనుండి తీయబడు పదార్థము. దానిని పలుచని బిళ్లలుగా కోసి, ఒక ప్రక్కను భాస్వరమును, రెండవ ప్రక్కను బోరానును మిక్కిలి స్వల్పముగా కలుపుదురు. అందుచే ఆ రెండు పొరలు కలియుచోట విద్యుత్క్షేత్ర మేర్పడును. సూర్యకిరణము తగిలి సిలికానులోని ఎలెక్ట్రానులు విడివడినప్పుడు, ఆ క్షేత్రము వానిని ఒకే దిక్కునకు త్రోయును. ఆ ప్రవాహమే విద్యుత్తు. ఒక్కొక్క బిళ్ల ఇంచుమించు అర వోల్టు మాత్రమే యిచ్చును గనుక, పెక్కు బిళ్లలను వరుసగా కలిపి, పైన అద్దమును చుట్టును చట్రమును బిగించి పలకగా చేయుదురు. ఇందు తిరుగు చక్రమేదియు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు.

మబ్బులేని మధ్యాహ్నమున ఒక చదరపు మీటరు నేలపై సుమారు 1000 వాట్ల సూర్యశక్తి పడును. అందు నూటికి 20 పాళ్లనగా 200 వాట్లు. 5 అశ్వశక్తుల పంపునకు సుమారు 5 కిలోవాట్ల పలకలు వలయును. అనగా 25 చదరపు మీటర్ల పలకలు చాలును. పలకలనుండి వచ్చు విద్యుత్తును కంట్రోలరను పెట్టె మోటారునకు తగినట్లు సవరించును. ఉదయమున పంపు మెల్లగా తిరుగును. ఎండ ముదిరినకొలది వేగము హెచ్చును. సాయంకాలమునకు మరల తగ్గును. పలకలను దక్షిణముఖముగా కొంచెము వాల్చి నిలుపవలెను.

లెక్క చూడుడు

విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును. ఒక యూనిట్ విద్యుత్తులో 36 లక్షల జౌళుల శక్తి గలదు. 1000 లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తుటకు సుమారు 9,800 జౌళులు వలయును. కావున నష్టమేమియు లేనిచో ఒక యూనిట్ 50 మీటర్ల లోతునుండి 7,300 లీటర్లకు పైగా తోడగలదు. మోటారులోను, పంపులోను, గొట్టములలోను కలుగు నష్టములను తీసివేసి, నూటికి 40 పాళ్లే దక్కినవనుకొందము. అప్పుడు దాదాపు 3,000 లీటర్లు వచ్చును.

ఒక కిలోవాటు పలకలు మన ప్రాంతములలో సగటున దినమునకు 4 యూనిట్లు ఇచ్చునని లెక్కించినచో, 5 కిలోవాట్లకు 20 యూనిట్లు. అనగా 50 మీటర్ల లోతునుండి దినమునకు 60,000 లీటర్లు. ఒక యెకరమునకు 5 మిల్లీమీటర్ల మందమున నీరు పెట్టుటకు సుమారు 20,000 లీటర్లు కావలెను. కాబట్టి ఆ నీరు మూడెకరములకు వచ్చును. అదే నీరు 100 మీటర్ల లోతునకు దిగిపోయినచో, అవే పలకలు, అదే పంపు, 30,000 లీటర్లు మాత్రమే యిచ్చును; ఒకటిన్నర యెకరమే తడియును. ఈ చిన్న లెక్కను మఱవరాదు. దీని యవసరము ముందు కలదు.

ప్రభుత్వ సహాయము

మన దేశమున 2010 జనవరిలో జవహర్లాల్ నెహ్రూ పేర జాతీయ సౌరశక్తి ఉద్యమ మారంభమైనది. దాని క్రింద సౌర పంపులకును సహాయము చేయుచు వచ్చిరి. తరువాత 2019 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము రైతులకొఱకే ప్రత్యేకముగా నొక పథకము నంగీకరించినది. ప్రధానమంత్రి కిసాన్ ఊర్జా సురక్షా ఏవం ఉత్థాన్ మహాభియాన్ అను దాని దీర్ఘనామమును కుదించి పి.యం. కుసుమ్ అని పిలుచుచున్నారు. దీని గడువు మొదట 2022 వఱకు; పిదప 2026 మార్చి 31 వఱకు పొడిగింపబడెను. గడువులును నియమములును మాఱుచుండును గనుక, దరఖాస్తు చేయబోవువారు ఆనాటి నియమములను ముందుగా విచారింపవలెను. ఇచట చెప్పునది ఆ పథకము నిర్మింపబడిన విధము.

అందు మూడు భాగములు గలవు. మొదటిది రైతుల భూములలో చిన్న విద్యుత్కేంద్రములు నిలుపుట. బీడుగానో బంజరుగానో యున్న నేలలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వఱకు పలకలు పఱచి, పుట్టిన విద్యుత్తును దగ్గఱి సబ్‌స్టేషనుకు పంపవచ్చును. రైతు తానే పెట్టుబడి పెట్టవచ్చును, లేదా భూమిని కౌలున కీయవచ్చును. పలకలను ఎత్తైన కంబములపై నిలిపినచో క్రింద పైరు వేయుటకును వీలున్నది. రాజస్థానమున జయపురము జిల్లా కోట్‌పుత్లీ ప్రాంతమందలి భాలోజీ గ్రామమున 2020లో ఇట్టి 1 మెగావాటు కేంద్రము పని నారంభించెను. ఈ పథకము క్రింద దేశమున మొదటిది అదియే.

రెండవది తీగలతో సంబంధము లేని ఒంటి సౌర పంపులు. తీగ రాని చోట్ల, డీజిలు ఇంజనులపై నాధారపడిన రైతులకు ఉద్దేశింపబడిన భాగమిది. 7.5 అశ్వశక్తుల వఱకు సహాయము లెక్కింపబడును. మూడవది ఇప్పటికే కరెంటు మోటార్లున్నచోట సౌరశక్తిని చేర్చుట. ఒక్కొక్క మోటారునకు వేఱుగా పలకలు పెట్టవచ్చును; లేదా వ్యవసాయపు ఫీడరు మొత్తమునకు ఒక సౌరకేంద్రమును నిలిపి, ఆ తీగపైనున్న మోటార్లన్నిటికిని పగటివేళ కరెంటీయవచ్చును. ఫీడరు పద్ధతిలో రైతు తన చేతి సొమ్ము పెట్టనక్కఱలేదు.

ఒంటి పంపు విషయమున వెల పంచుకొను విధమిది. నూటికి 30 పాళ్లు కేంద్ర ప్రభుత్వము, తక్కువ పక్షము 30 పాళ్లు రాష్ట్ర ప్రభుత్వము, మిగిలిన 40 పాళ్లు రైతు. రైతు పాలిలో 30 వఱకు బ్యాంకు అప్పుగా తీసికొనవచ్చును. ఈశాన్య రాష్ట్రములకును, కొండ ప్రాంతముల రాష్ట్రములకును, ద్వీపములకును కేంద్రపు పాలు 50. ఉదాహరణమునకు పంపు వెల 3,00,000 రూపాయలనుకొందము. కేంద్రము 90,000, రాష్ట్రము 90,000, బ్యాంకు 90,000. రైతు చేతినుండి 30,000. అయితే ఈ పాళ్లు కేంద్రము నిర్ణయించిన ప్రమాణపు వెలకు గాని టెండరులో తేలిన వెలకు గాని, రెండింటిలో తక్కువదానికి లెక్కింపబడును. అంతకు మించిన సరకు కోరినచో ఆ పైవెల రైతుదే.

కొన్ని రాష్ట్రములు తమ పాలు హెచ్చించినవి. హర్యానాలో కేంద్ర రాష్ట్రముల సహాయము కలిసి నూటికి 75 వఱకు వచ్చినది. మహారాష్ట్రమున 2024లో వచ్చిన ఏర్పాటునందు సాధారణ రైతు 10 పాళ్లు, షెడ్యూల్డు కులములకును తెగలకును చెందిన రైతు 5 పాళ్లు మాత్రమే చెల్లింపవలెనని నిర్ణయించిరి.

ప్రభుత్వ మేల యీయవలెను?

కొందఱు పెద్దలు ఈ ప్రశ్న వేయుదురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. పొలములకు వెల లేకుండ గాని, తక్కువ వెలకు గాని కరెంటిచ్చు రాష్ట్రములు, ఆ లోటును ప్రతి సంవత్సరము పంపిణీ సంస్థలకు చెల్లింపవలసియుండును. అది తీఱని వ్యయము. పలకలకు చేయు సహాయము ఒక్కమాఱు చేయునది. పలకలకు సాధారణముగా 25 ఏండ్ల హామీ యుండును. ఇదిగాక దూరపు పొలమునకు కంబములు నాటి తీగలాగు ఖర్చు తప్పును, డీజిలు వాడకము తగ్గును, పొగ తగ్గును. కావున దీనిని దానమని గాక, ముందు రాబోవు వ్యయమును తప్పించుకొను పెట్టుబడి యని చెప్పుట తగును.

మన రైతులకు లాభమెట్లు?

తెలుగు రైతు ఈ సంగతిని తన స్థితినిబట్టి ఆలోచించుకొనవలెను. ఆంధ్రదేశమున 2004నుండి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. తెలంగాణమున 2018 జనవరి 1నుండి ఇరువదినాలుగు గంటల సరఫరా మొదలిడిరి. మోటారునకు బిల్లు లేని రైతు పలకలకై సొమ్ము చెల్లించినచో, ఆ సొమ్ము బిల్లు రూపమున తిరిగి రాదు. అట్టివారికి ఫీడరు మొత్తమునకు సౌరకేంద్రము నిలుపుటయే మేలు. పగటి కరెంటు దొరకును, చేతి సొమ్ము పోదు.

తీగ రాని మెట్టపొలములవారికిని, మన్యపు గ్రామములవారికిని, వాగుగట్టున డీజిలు ఇంజనుతో తోడుకొనువారికిని సంగతి వేఱు. వారు ఏటేట డీజిలుకు పెట్టు ఖర్చును వ్రాసి పెట్టుకొని, తమ పాలి సొమ్ముతో పోల్చి చూచినయెడల, ఎన్నియేండ్లలో అది తీఱునో తెలియును. బడికి వచ్చు పిల్లలు ఈ పట్టికను తండ్రికి వ్రాసియిచ్చుట మంచి గణితాభ్యాసము.

మఱియొక సంగతి. పైరుకు సంవత్సరమంతయు నీరక్కఱలేదు. పంపు ఊరక నిలిచియున్న దినములలో పలకల శక్తి వ్యర్థమగును. దానిని వాడుకొనుటకై పిండిమరకు, పశువుల మేత నఱకు యంత్రమునకు కూడ పనికివచ్చు కంట్రోలర్లు వచ్చినవి. కొనునప్పుడు దానిని గూర్చి యడుగుట మంచిది.

భూమిలేని కౌలురైతు గతి యేమి? పొలముపై హక్కు చూపు పత్రములు లేనివానికి ఇట్టి సహాయము అందుట కష్టము. పలకలు కదలని ఆస్తి వంటివి. కౌలు ఏటేట మాఱును. సహకార సంఘములును, రైతుల ఉత్పత్తిదారుల సంఘములును, నీటి వినియోగదారుల సంఘములును దరఖాస్తు చేయుటకు నియమములలో వీలు కల్పించిరి. పొలము దున్నువానికి మేలు చేయదలచిన గ్రామపెద్దలు ఈ మార్గమును విచారింపవలెను. లేనియెడల సహాయము భూమిగలవాని గడపయొద్దనే యాగిపోవును.

నీరు తఱిగినచో?

ఇక ముఖ్యమైన సంగతికి వత్తము. డీజిలు ఇంజనును నడపు రైతు ప్రతి గంటకును నూనె ఖర్చును తలచుకొని, చాలినంత తోడి ఆపును. సూర్యుడు బిల్లు పంపడు. ఎండ యున్నంతసేపు పంపు తిరుగవచ్చును. ఒక్కరు చేసిన నష్టము కనబడకపోవచ్చును. ఊరివారందఱు చేసినచో బావులన్నిటిలోను నీరు దిగును. ప్రపంచమున భూగర్భజలమును మిక్కిలిగా తోడుకొనుచున్న దేశము మనదే. నీటిమట్టము 50 మీటర్లనుండి 100 మీటర్లకు దిగినచో ఏమగునో పై లెక్కలో చూచితిమి. అప్పు చేసి తెచ్చిన పలకలు నెత్తిన ఎండ కాయుచుండగనే సగము పొలమును ఎండబెట్టును. ఎక్కువ లోతునకు తగని పంపైనచో ఆ సగము నీరును రాదు.

ఈ ప్రమాదము పథకమును వ్రాసినవారికి తెలియును. నీరు మితిమీఱి తోడబడిన ప్రాంతములలో క్రొత్త సౌర పంపులకు సహాయము లేదనియు, ఉన్న డీజిలు పంపులను మార్చుకొనవచ్చును గాని బిందుసేద్యము వంటి పొదుపు పద్ధతులు వాడవలెననియు నియమించిరి. ఆంధ్రప్రదేశమున 2003లోనే సూక్ష్మసేద్య పథకము మొదలైనందున, మన రైతులకు బిందుసేద్యము క్రొత్త కాదు. బోరులను నమోదు చేయవలెనను 2002నాటి చట్టమును, అనగా నీరు, భూమి, చెట్టు చట్టమును, మనకు గలదు.

నియమముకంటె చక్కగా పనిచేయు ఉపాయమును గుజరాతులో చూపిరి. ఖేడా జిల్లాలోని ఢుండీ గ్రామమున ఆఱుగురు రైతులు సహకార సంఘముగా చేరి తమ సౌర పంపులను విద్యుత్ తీగకు కలిపిరి. 2016నుండి మిగిలిన విద్యుత్తును యూనిట్‌కు 4 రూపాయల 63 పైసల చొప్పున పంపిణీ సంస్థకు అమ్మసాగిరి. ఒప్పందము 25 ఏండ్లకు. నీరు అక్కఱలేనప్పుడు పంపు ఆపినచో డబ్బు వచ్చును గనుక, ఊరక తోడువాడు తన జేబునుండి పోగొట్టుకొనును. ఎండయు నొక పంటయే యని వారు గ్రహించిరి. మిగులు విద్యుత్తును కొనెడి ఏర్పాటు పంపులతోబాటు వచ్చినగాని నీటికి రక్షణ యుండదని మా యభిప్రాయము.

దరఖాస్తుదారులకు కొన్ని సూచనలు

మొదట రాష్ట్ర ప్రభుత్వ సంస్థయొద్ద గాని, విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయమున గాని, వ్యవసాయశాఖ అధికారియొద్ద గాని విచారింపుడు. ఆంధ్రప్రదేశమున నెడ్‌క్యాప్ అను సంస్థ ఇట్టి పనులకై యేర్పడియున్నది. ఈ పథకము పేర దొంగ సైట్లు పెట్టి నమోదు రుసుమని సొమ్ము గుంజువారు బయలుదేఱిరని కేంద్ర మంత్రిత్వశాఖ పలుమాఱులు హెచ్చరించినది. ఫోనులో పిలిచి వెంటనే సొమ్ము పంపుమను వానిని నమ్మవలదు. రసీదు లేనిదే రూకయైన నీయవలదు.

రెండవది, దరఖాస్తునకు ముందు బావిలో నీటి లోతును కొలువుడు. వేసవిలో ఎంత, వానల పిదప ఎంతయని రెండుమాఱులు కొలిచి వ్రాసికొనుడు. పంపు పరిమాణము వేసవి లోతునుబట్టి నిర్ణయింపవలెను. పెద్ద పంపు ఎల్లప్పుడును మంచిదనుట పొరపాటు.

మూడవది, పంపు నమర్చిన సంస్థ 5 ఏండ్లు మరమ్మతు చేయవలెనను నిబంధన గలదు. ఒప్పంద పత్రమున అది వ్రాయబడినదో లేదో, చెడినప్పుడు ఎవరికి చెప్పవలెనో, చదివి తెలిసికొనిన తరువాతనే సంతకము చేయుడు. చదువురాని తలిదండ్రులకు బిడ్డలు ఆ పత్రమును పంక్తి విడువక చదివి వినిపింపవలెను.

నాల్గవది, పలకలపై చెట్టునీడ పడకుండ చూడుడు. ఒక మూల పడిన నీడయే వరుస మొత్తము శక్తిని తగ్గింపగలదు. దుమ్ము పేరుకొనినచో తెల్లవాఱుజామున, అద్దము చల్లగా నున్నప్పుడు, మెత్తని గుడ్డతో కడుగవలెను. మిట్టమధ్యాహ్నము కాగిన అద్దముపై చల్లనీరు పోయరాదు. కోస్తా జిల్లాలలో గాలివానలు సామాన్యములు గనుక, కంబముల పునాదులు గట్టిగా నున్నవో లేవో చూచుకొనవలెను. బీమా సంగతి యడుగవలెను.

ప్రభుత్వ ధనమనగా ప్రజల ధనము. అది ఒక పొలముననున్న పలకలుగా మాఱినప్పుడు, ఆ పొలము యజమానికి మాత్రమే గాక, ప్రక్క పొలమువారికిని, రాబోవు తరమువారికిని దానిలో పాలున్నది; ఏలయన అందఱి బావులకును అడుగున నీరొక్కటియే. సూర్యుడు రేపును ఉదయించును, ఎల్లుండియు నుదయించును. బావిలోని నీటికి అట్టి నియమము లేదు. ఈ రెంటి భేదము నెఱిగి సహాయము నుపయోగించుకొను రైతునకు అది మేలు చేయును. ఆ భేదమును నేర్చుకొని ఇంటికి పోయి చెప్పుట మా విద్యార్థుల పని.